సగం హద్దు దాటిన కోడ్: ఒక పేపర్ చదివిన అనుభవం

కోడింగ్ సిద్ధాంతం సెమినార్‌లో నా వంతు వచ్చినప్పుడు మేఘల్ గుప్తా, యాయెల్ కలై, రేచల్ జాంగ్ 2022లో వెలువరించిన ఇంటరాక్టివ్ ఎర్రర్ కరెక్టింగ్ కోడ్‌ల పేపర్‌ను ఎంచుకున్నాను. దారిలో కొన్ని బిట్లు (0లు, 1లు) పాడైనా సందేశం చేరేలా దాన్ని మార్చి పంపే పద్ధతే కోడ్; పంపేవారు, అందుకునేవారు ఇద్దరూ మాట్లాడుకుంటే అది ఇంటరాక్టివ్. పంపే వ్యక్తిని ఆలిస్ అని, అందుకునే వ్యక్తిని బాబ్ అని పిలుస్తారు; ఆలిస్ దగ్గరున్న సందేశం బాబ్‌కు చేరాలి. మధ్యలో ఒక ప్రత్యర్థి తనకు నచ్చిన బిట్లను చెరిపేస్తాడు, అయితే ఏవి చెరిగాయో అందుకునేవారికి తెలుస్తుంది. ఆలిస్ ఒక్కతే మాట్లాడితే సగానికి మించి చెరుపులను తట్టుకోలేము. బాబ్ కూడా బదులు పలికితే 3/5 వంతు దాకా తట్టుకోవచ్చని ఈ పేపర్ చూపుతుంది.

నాకు కొరుకుడు పడనిది ఇదే. బాబ్ పంపే బిట్లూ మొత్తం లెక్కలోకే వస్తాయి, ప్రత్యర్థి వాటినీ చెరపగలడు. సందేశమే తెలియని వ్యక్తి మాట్లాడినందువల్ల ఆలిస్ సమయం తగ్గడం తప్ప ఒరిగేదేమిటి?

నిరూపణను పక్కన పెట్టి, సగం అనే హద్దు ఎక్కడ పుడుతుందో కాగితం మీద వేసి చూశాను. మూడు బిట్ల సందేశాన్ని ఎనిమిది బిట్లుగా మార్చే హాడమార్డ్ కోడ్‌లో 000కు 00000000, 001కు 01010101 వస్తాయి. విభేదించే ఆ నాలుగు చోట్లనూ చెరిపితే బాబ్‌కు మిగిలేవి నాలుగు సున్నాలు, నాలుగు ఖాళీలు. తక్కిన ఆరు సందేశాలూ వీటితో పొసగవు కనుక తొలగిపోతాయి, ఈ రెండు మాత్రం ఎంత చూసినా తేలవు.

అంటే బాబ్‌కు సందేశం తెలియకపోయినా, తన సందేహమంతా మూడో బిట్ మీదేనని తెలుసు. ఆ సంగతి ఆలిస్‌కు చేరితే ఆమె ఇక ఆ ఒక్క బిట్‌నే మళ్లీ మళ్లీ పంపుతుంది, అప్పుడు ప్రత్యర్థి ఒక్కదాన్ని వదిలినా విషయం బయటపడుతుంది. చెరుపులన్నీ ముందే ఖర్చు పెట్టినవాడికి ఇది గడ్డుకాలమే.

అయితే ఆ బిట్ ఎన్నోదో బాబ్ మామూలు కోడ్‌తో పంపితే మళ్లీ అదే సగం హద్దు అడ్డు తగులుతుంది. అందుకే ఆలిస్ ఎన్నో బిట్ కావాలో సూచించే ఒక కౌంటర్ (లెక్క) ఉంచుకొని, బాబ్ సంకేతాలను బట్టి దాన్ని ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోతుంది. బాబ్ ఒక్కోసారి చెప్పవలసింది అత్యల్పం. ఆ సంకేతాలు కొన్ని చెరిగిపోయినా కౌంటర్ విషయంలో ఇద్దరికీ పొరపొచ్చాలు రాకుండా చూసే భాగానికే నా సమయం ఎక్కువగా పట్టింది.

సెమినార్‌లో ఒకరు, ఇలా మాట్లాడుకుంటూ పోతే ఎన్ని చెరుపులనైనా తట్టుకోవచ్చా అని అడిగారు. 2/3 వంతును మించి ఏ పద్ధతీ తట్టుకోలేదని అదే పేపర్ నిరూపించింది. బిట్లు చెరగకుండా తారుమారయ్యే (0 కాస్తా 1గా, 1 కాస్తా 0గా మారే) సందర్భంలో ఆ పైహద్దు 2/7.