నాన్న లారీ, ఎన్‌హెచ్-5, ఒక మేజర్ జనరల్

మా నాన్న వైజాగ్ పోర్టు నుంచి విజయవాడకు ఎరువుల లోడ్లు తోలేవారు. అప్పటి ఎన్‌హెచ్-5, అదే ఇప్పటి 16, రెండు వరసల రోడ్డు. తుని దాటాక రాత్రిపూట ఎదురు లారీ లైటు కళ్లలో కొడితే ఒక్క క్షణం ఏమీ కనబడదని, ఆ క్షణంలో ఎవరి ప్రాణానికీ పూచీ లేదని చెప్పేవారు. ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలించేదాకా అమ్మకు టెన్షనే.

ఆ రోడ్డు నాలుగు వరసలవుతున్న రోజుల్లో ఢిల్లీలో రోడ్ల శాఖ చూసిన మనిషి గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను నాలుగు భాగాలుగా కలిపిన ఈ హైవే పథకం, స్వర్ణ చతుర్భుజి అనగానే అందరూ వాజ్‌పేయి గారినే తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. కానీ బి.సి. ఖండూరి పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు?

ఆయన 1954లో సైన్యంలో ఇంజినీర్ల కోర్‌లో చేరి, మేజర్ జనరల్ అయ్యి, 1990లో బయటికొచ్చారు. మరుసటి ఏడాదే ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ ఎంపీ. 2000 నవంబరులో రోడ్ల శాఖకు స్వతంత్ర హోదాలో సహాయ మంత్రి, 2003లో కేబినెట్ మంత్రి. దళం ఏరు దాటాలంటే ముందు వెళ్లి వంతెన వేసేది ఈ ఇంజినీర్లే, తెల్లారేసరికి కావాలంటే తెల్లారేసరికి కావాల్సిందే. అలాంటి పని తెలిసిన మనిషికి 5,846 కిలోమీటర్ల రోడ్డు అప్పజెప్పడం ఎంత మంచి నిర్ణయమో! అందులో మన చెన్నై–కోల్‌కతా భాగమే 1,684 కిలోమీటర్లు, నాలుగింటిలో పొడుగైనది. దీని ఖర్చుకే పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి సెస్ వేశారు, అంటే నాన్న ట్యాంకు నింపిన ప్రతిసారీ ఆ రోడ్డుకు తన వంతు కట్టినట్టే.

అంతా సవ్యంగా జరిగిందని నేననను. 2003 చివరికల్లా పూర్తి చేస్తామన్నారు, మొత్తం అయ్యేసరికి 2012 వచ్చింది. పనుల్లో అవినీతి జరుగుతోందని ప్రధానికి ఉత్తరం రాసిన హైవేల ఇంజినీరు సత్యేంద్ర దూబేని 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపారు. తన పేరు బయటపెట్టొద్దని ఆ పిల్లాడు రాసుకున్నాడు, అయినా ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. ఇదంతా ఖండూరి గారి హయాంలోనే. ఆయన మీద నాకెంత గౌరవమున్నా ఇది మాత్రం మింగుడుపడదు.

తర్వాత ఆయన రెండుసార్లు ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యారు. 2012 ఎన్నికల్లో ఆయన పార్టీ బీజేపీ ఆయన పేరు మీదే ఓట్లడిగింది. పార్టీకి 31 సీట్లొచ్చాయి, కాంగ్రెస్‌కు 32. కోట్‌ద్వార్‌లో ఆయనే ఓడిపోయారు! ఆ ఒక్క సీటూ గెలిచి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మొన్న నాన్నను కారులో అన్నవరం తీసుకెళ్లాను. చీకటి పడ్డాక తిరిగొస్తుంటే, డివైడర్ మీద గుబురుగా పెరిగిన గన్నేరు మొక్కలు చూపించి, "వీటిని పశువులు ముట్టవురా, అవతలి లైటు ఇవతలికి రానివ్వవు" అన్నారు. ఖండూరి గారి సంగతి చెప్పాను. "మిలిటరీలో రోడ్లేసిన ఆయనా?" అని అడిగి, అనకాపల్లి వచ్చేదాకా హాయిగా నిద్రపోయారు.