తింటివా, తింటావా

మా పాప తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చి, డ్రిల్ టీమ్ ఆడిషన్‌కు పేరిచ్చానని చెప్పింది. డ్రిల్ అంటే నాకు తెలిసిందల్లా కడప జిల్లా ఒంటిమిట్ట దగ్గర మా ఊరి హైస్కూల్లో పంద్రాగస్టుకు ముందు పీఈటీ సారు చేయించే సావధాన్, విశ్రామ్. ఆ ఎండలో నిలబడలేక ఏటా ఇద్దరు ముగ్గురు కళ్లు తిరిగి పడేవాళ్లు. పోనీలే, కాస్త ఒళ్లు వంగుతుంది అనుకుని సంతకం పెట్టేశాను.

టెక్సస్‌లో డ్రిల్ టీమ్ సంగతే వేరని మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు తెలిసింది. సగం ఆట అయ్యాక తెల్ల బూట్లు, టోపీలు, మిలమిలలాడే పొట్టి గౌన్లు వేసుకుని యాభై మంది ఆడపిల్లలు మైదానంలోకి వచ్చారు. విజిల్ మోగగానే ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, ఒకే గీతగా నిలబడి, కాలు టోపీ అంచు దాకా ఎగరేశారు. అందరి కాళ్లూ ఒక్కసారే లేచాయి, ఒక్కసారే దిగాయి. మా ఆయన నా వైపు చూశాడు. నేను స్కోర్‌బోర్డు వైపు చూశాను.

ఆ ఊళ్లో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ అంటే మనకు తిరునాళ్లే. మ్యాచ్ రోజు తల్లులం వంతులవారీగా తినుబండారాల కౌంటర్‌లో నిలబడాలి. నాచోస్ మీద చీజ్ పోస్తూ పక్కావిడ ఈ డ్రిల్ టీమ్ పుట్టుక చెప్పింది. 1940లో తూర్పు టెక్సస్‌లోని కిల్గోర్ కాలేజీలో గస్సీ నెల్ డేవిస్ అనే టీచరమ్మ 'రేంజరెట్స్' పేరుతో మొట్టమొదటి జట్టు కట్టిందట. విరామంలో జనం లేచిపోయి మందు కొట్టి రాకుండా సీట్లలో కూర్చోబెట్టడానికి ఏదో ఒకటి చెయ్యమని కాలేజీ పెద్దలు అడిగారట. మగవాళ్ల తాగుడు మాన్పించే పని ఎక్కడైనా ఆడవాళ్ల మీదే పడుతుంది కాబోలు.

పాప మానదని అర్థమయ్యాక బేరం పెట్టాను. డ్రిల్ టీమ్‌లో ఉండాలంటే తెలుగు క్లబ్‌లో కూడా చేరాలి. వాళ్ల హైస్కూల్లో స్పానిష్ క్లబ్, ఫ్రెంచ్ క్లబ్, కొరియన్ క్లబ్ ఉన్నాయి. తెలుగు క్లబ్ పెద్ద క్లాసు పిల్లలు పెట్టుకున్నది. ఏ క్లబ్‌కైనా ఒక టీచర్ బాధ్యత తీసుకోవాలి కాబట్టి ఒక కెమిస్ట్రీ టీచర్‌ను ఒప్పించారు. ఆయనకు తెలుగు ముక్క రాదు, మీటింగ్ జరిగినంతసేపూ పేపర్లు దిద్దుకుంటాడు. గురువారం మూడున్నరకు మీటింగ్. వచ్చేవాళ్లలో సగం మంది మురుకుల కోసం వస్తారని పాపే చెప్పింది.

ఇంట్లో తెలుగు ఉంది, ఇక క్లబ్ ఎందుకు అని మా ఆయన అడిగాడు. ఆయనది గుంటూరు. మా ఇంట్లో గెలిచింది ఆయన తెలుగే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నేనే ఓడిపోయి వచ్చాను. హైదరాబాద్‌లో హాస్టల్‌లో చేరిన కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, "బ్యాగులో బాంబులున్నాయా?" అనేవాళ్లు. ఫ్యాక్షన్ సినిమాలు వరసపెట్టి వచ్చిన రోజులు అవి. మూడు నెలల్లో "ఎట్లుండావు" పోయి "ఎలా ఉన్నావు" వచ్చింది. పాపకు మొదటి నుంచీ ఆ రెండోదే నేర్పాను. మా అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం నాకు తెలియకుండానే పాతది వచ్చేస్తుంది. పాప దానికి 'అమ్మ ఫోన్ తెలుగు' అని పేరు పెట్టింది.

ఒక గురువారం క్లబ్‌లో ఎవరింట్లో ఎలా మాట్లాడతారో ఒక్కో వాక్యం చెప్పమన్నారట. పాప లేచి "యాడికి పోతాండావ్?" అంది. ఒక పిల్లాడు లేచి తొడ కొట్టాడు. అందరూ నవ్వారు, ఇదీ నవ్వింది. ఇంటికొచ్చి నాకు జోక్‌లాగానే చెప్పింది. నేను పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, "అట్లా మాట్లాడొద్దు, కరెక్ట్‌గా మాట్లాడు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. "మరి నువ్వు అవ్వతో తప్పు తెలుగు మాట్లాడతావా?" అని అడిగింది. జవాబు తోచలేదు. పప్పు మాడుతోందని చెప్పి తప్పించుకున్నాను.

పదో తరగతి క్రిస్మస్ సెలవులకు ఊరికి వెళ్లాం. మొదటి రోజే పంచాయితీ. పాప సంగటి తిని చెయ్యి కడుక్కుని వచ్చింది. మా అమ్మ వంటింట్లోంచి "మ్మే పాపా, తింటివా?" అని అడిగింది. తిన్నావా అని. పాపకు అది 'తింటావా' అని వినబడింది. పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదని "తింటాను అవ్వా" అంది. అమ్మ ఇంకో ముద్ద తెచ్చి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసింది. అది కూడా తినేసింది పాపం. కాసేపటికి మా చిన్నాన్న వచ్చి మళ్లీ "తింటివా?" అన్నాడు. పాప ఏడుపు మొహంతో నా వైపు చూసింది. అందరూ పడీ పడీ నవ్వుతుంటే నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. ఎనిమిదేళ్లు ఆదివారం ఆదివారం తెలుగు బడికి తిప్పాను. గుణింతాలు, సంధులు అన్నీ వచ్చు. సొంత అవ్వ అన్నం తిన్నావా అని అడిగితే అర్థం కాలేదు.

అది ధనుర్మాసం. రాత్రి ఎనిమిదైతే రామాలయం ముందు చెక్కభజన నేర్పుతున్నారు, సంక్రాంతికి ఆడడానికి. నా చిన్నప్పుడు మగవాళ్లే ఆడేవాళ్లు, ఇప్పుడు ఆడవాళ్ల జట్టు కూడా ఉంది. కాళ్లకు గజ్జెలు, చేతిలో చెక్కలు, ఎదురెదురుగా రెండు వరసలు. గురువు నోట్లో విజిల్. పాప అరుగు మీద కూర్చుని చూస్తూ, "అమ్మా, ఇది డ్రిల్ టీమే కదా!" అంది. వరస ఎక్కడ వంకర పోయిందో, ఎవరు అర అడుగు ఆలస్యమయ్యారో కూర్చున్నచోటి నుంచే చెబుతోంది. మూడో రోజు వెళ్లి చివర నిలబడింది. ఎవరూ ఎవరమ్మాయివి అని అడగలేదు, చోటిచ్చారు. అడుగులు త్వరగానే పట్టుకుంది గానీ వరస తిరిగేచోట ప్రతిసారీ తప్పుతోంది. అక్కడ దరువు మూడు మూడుగా నడుస్తోంది, ఇది పెదాలు కదిలిస్తూ ఎనిమిదికి లెక్కపెట్టుకుంటోంది. గురువు కాసేపు చూసి దగ్గరికొచ్చి, "లెక్క ఇడ్సిపెట్టు పాపా, చెక్క ఇను" అన్నాడు. పాప నా వైపు తిరగలేదు. అర్థమైందో, ఆయన చెయ్యి ఊపిన తీరును బట్టి ఊహించిందో తెలియదు. పెదాలు కదపడం మానేసింది. రెండుసార్లు తప్పి మూడోసారి తిరిగింది.

ఆ ఊపులో మా అమ్మకు ఫోన్లో తన డ్రిల్ టీమ్ వీడియో చూపించింది. ఇన్నాళ్లూ నేను దాచిన వీడియో. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చూసింది. "బాగ ఎగరేస్తాండారు. ఆ గుడ్డలేంది మ్మే, సలి పెట్టదా?" అంది. రెండో ముక్క నాకోసం అన్నదని నాకు తెలుసు. పాప మాత్రం "ఏంది అవ్వా, లోపల టైట్స్ ఉంటాయి" అంది. ఆ 'ఏంది' ఎప్పుడు అంటుకుందో నేను గమనించనే లేదు. గుడ్డల సంగతి అమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

తిరిగి వెళ్లే ముందు కడపలో ఒక పూట ఆగి, యర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం చూపించాను. క్లబ్‌లో పోస్టర్ చెయ్యాలంది కదా అని. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు అధికారి 1817లో మద్రాసులో దిగేనాటికి తెలుగు రాని మనిషి, 1820లో కడపకు వచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించాడని, వేమన పద్యాలు అచ్చు వేయించాడని, నిఘంటువు చేశాడని నాకు తెలిసినంత చెప్పాను. పాప విని ఒకటే అడిగింది: "కడపలో ఉన్నాడంటే ఆయన విన్నది అవ్వ తెలుగేగా?" ఆయన పండితుల దగ్గరే కాదు, కలెక్టరు కచేరీకి వచ్చే రైతుల దగ్గర కూడా వినే ఉంటాడు. అయితే ఆయన్నెవరూ తొడ కొట్టి ఎగతాళి చేసి ఉండరు, దొర కదా.

పోస్టర్‌లో బ్రౌన్ బొమ్మ మూలకు పోయింది. మధ్యలో పెద్ద అక్షరాలతో 'తింటివా', 'తింటావా' అని రాసి, కింద రెండు సంగటి ముద్దలు గీసింది. వచ్చే గురువారం నన్ను క్లబ్‌కు రమ్మంది, పది నిమిషాలు 'ఫోన్ తెలుగులో' మాట్లాడాలట. ఆ తొడ కొట్టిన పిల్లాడు కూడా ఉంటాడు. నిన్న కారులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మొదలుపెట్టి చూశాను. రెండు వాక్యాలయ్యేసరికి 'ఎలా ఉన్నారు' వచ్చేసింది. ఇంకా నాలుగు రోజులుంది. ఉగ్గానికి బొరుగులైతే తెచ్చి పెట్టుకున్నాను.