కింద ఎవరూ లేని సమాధి రాళ్ళు

చెన్నైలో సెయింట్ జార్జ్ కోట అనగానే అందరికీ సెక్రటేరియట్టే గుర్తొస్తుంది. మేం వెళ్ళింది మాత్రం లోపలున్న సెయింట్ మేరీస్ చర్చికి, అదీ మా గుత్తి బాబాయి పోరు పడలేక. ఆయనకి కావాల్సింది మన్రో సమాధి ఒక్కటే. ఒకప్పుడు సీమకి కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోతే ముందు గుత్తిలోనే పూడ్చారు, 1831లో ఇక్కడికి తెచ్చారు. సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న రోజులున్నాయి మరి. "మనాయప్ప యాడున్నాడో చూద్దాం పా" అంటూ బాబాయి లోపలికి పోయాడు, నేను బయటే ఆగిపోయాను.

చర్చి చుట్టూ నేలమీద పరిచినవన్నీ సమాధి రాళ్ళే. ఇంగ్లీషువాళ్ళ పాత శ్మశానం ఇక్కడ కాదు, ఇప్పటి లా కాలేజీ వైపు ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్ళు కోటని ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటునే నక్కి కాల్పులు జరిపారట. యుద్ధం అయ్యాక ఇంకోసారి ఆ అవకాశం ఇవ్వకూడదని సమాధులు పీకేసి, రాళ్ళు తెచ్చి ఇక్కడ పరిచారు. అంటే పేరు ఇక్కడ, మనిషి అక్కడ.

చెక్కడాలు చూస్తుంటే టైమ్ తెలియలేదు. పుర్రె, దాని కింద అడ్డంగా పెట్టిన రెండు ఎముకలు: మనకైతే కరెంటు స్తంభం మీది డేంజర్ బోర్డే గుర్తొస్తుంది గానీ, ఆ కాలం యూరప్‌లో అది భయపెట్టడానికి కాదు, నీకూ ఇదే గతి అని బతికున్నవాడికి చెప్పడానికి. కానీ అదే ఆవరణలో శిరస్త్రాణాలూ ఈకలూ పెట్టి వంశచిహ్నాలు కూడా ఘనంగా చెక్కించుకున్నారు, చావు ముందు అందరూ సమానమే అంటూనే హోదా మాత్రం వదులుకోలేదన్నమాట, నాకు నవ్వొచ్చింది. అంచుల్లో తీగలూ పువ్వులూ ఎంత నిండుగా ఉన్నాయంటే, గుడి ద్వారబంధాలు చెక్కిన చేతులే వీటినీ చెక్కి ఉంటాయనిపించింది (ఇది నా ఊహే). లాటిన్, ఆర్మీనియన్ అక్షరాలు కూడా ఉన్నాయి. ఇక్కడి ఇంగ్లీషు సమాధి రాళ్ళలో అన్నిటికంటే పాతది 1652 నాటి ఎలిజబెత్ బేకర్‌ది, మద్రాసుకి వస్తూ ఓడలోనే చనిపోయిందామె. చర్చి కంటే రాయే పాతది, చర్చి 1680లో గానీ పూర్తి కాలేదు.

లోపల గోడల మీద పాలరాతి శిల్పాలున్నాయి, లండన్‌లో పేరున్న శిల్పులు చేసినవి. పనితనం గొప్పదే, కాదనను, నాకెందుకో బయటి నల్లరాళ్ళే నచ్చాయి.

బాబాయి అప్పటికే మన్రో దగ్గర నిలబడి ఎవరో టూరిస్టుకి మన్రో తెచ్చిన రైత్వారీ పద్ధతి (జమీందారు లేకుండా రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకోవడం) గురించి తెలుగులో క్లాసు పీకుతున్నాడు. పాపం ఆయనకి అర్థమైందో లేదో.

వెళ్ళేవాళ్ళు ఐడీ కార్డు పట్టుకెళ్ళండి, గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది. పొద్దున్నే వెళ్తే మంచిది, ఎండ ఏటవాలుగా పడితేనే అరిగిపోయిన గీతలు పైకి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం ఏమీ తెలియదు, పైగా కాళ్ళు కాలతాయి.