గుణదల కొండ, ఫిరంగిపురం మామ్మగారి జపమాల

గుణదలమ్మ మొక్కు తీరింది. బెజవాడలో గుణదల కొండ మీదున్న మరియమ్మనే గుణదలమ్మ అంటాం. ఫిబ్రవరి 10, మంగళవారం వెళ్లొచ్చాం. ఇంకా పిక్కల నొప్పులు తగ్గలేదు, చీర కుచ్చిళ్ల మీద మైనం మచ్చలూ పోలేదు. మా చిన్నాడి ఆపరేషన్ రోజున మొక్కుకున్నాను, వాడు లేచి తిరిగితే వాడి తలనీలాలు, ఒక కొబ్బరికాయ, పదకొండు కొవ్వొత్తులు ఇస్తానని. వాడిప్పుడు సైకిల్ తొక్కుతున్నాడు తల్లీ, అంతకంటే ఏం కావాలి! మా ఇంటి సంగతి అంతే. చెప్పాల్సింది కొండ సంగతి.

బెజవాడవాళ్లకి దుర్గమ్మ కొండ ఎంతో గుణదల కొండా అంతే, రెండూ మొక్కుల కొండలే. మా ఇంట్లో జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు, అయినా మా అత్తగారు ప్రతి ఏడూ వెళ్లేది. తిరునాళ్ల 9, 10, 11 తేదీల్లో ఎందుకో చాలామందికి తెలియదు. ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్లో బెర్నదెత్త అనే పద్నాలుగేళ్ల పిల్ల పుల్లలేరుకోవడానికి వెళ్లినప్పుడు గుహ దగ్గర మరియమ్మ మొదటిసారి కనబడింది 1858 ఫిబ్రవరి 11న. జులై 16 దాకా మొత్తం పద్దెనిమిది సార్లు. మన గుణదలలో ఫాదర్ అర్లాటి గారు 1924లో మాత విగ్రహం పెట్టించారు. తెల్ల అంగీ, నడుముకి నీలం పట్టీ, జోడించిన చేతులు, చేతి మీద జపమాల, అన్నీ ఆ పిల్ల చెప్పిన గుర్తులే.

పడవలరేవు దగ్గరే బండ్లు ఆపేస్తారు, అక్కణ్ణించి నడకే. పిల్లలతో వెళ్లేవాళ్లు తెల్లారేసరికి కొండ కింద ఉండాలి. మేము ఎనిమిదికి చేరాం, అప్పటికే ఊపిరాడలేదు. వెనకనించి తోసేవాడికి ముందు పసిపిల్లాడున్నాడన్న ఇంగితం ఉండదా? జపం చేస్తూ మోచేత్తో పొడిచేవాళ్లని చూస్తే బాధేసింది. దుర్గమ్మ క్యూలోనూ ఇదే బాధ.

తలనీలాల దగ్గర జాగ్రత్త ఒక్కటే, కొత్త బ్లేడు మన కళ్లముందే విప్పించుకోవాలి. గంధం పొడి ఇంటినించే తీసుకెళ్లండి, అక్కడ వెతుక్కుంటే దొరకదు. గోవిందా అనేవాళ్లుండరు, మంత్రం ఉండదు, గోత్రం అడిగేవాళ్లుండరు. ఈ గోత్రం అడక్కపోవడం నాకు కొంచెం వెలితిగా అనిపించింది. మన సంకల్పంలో జంబూద్వీపం, భరతఖండం, కృష్ణా గోదావరుల మధ్యదేశం అని మొదలుపెట్టి, సంవత్సరం, తిథి, వారం, గోత్రం, పేరు దాకా వస్తారు. అంటే ఇంత పెద్ద లోకంలో, ఇంత పెద్ద కాలంలో నువ్వు ఫలానా చోట నిలబడి అడుగుతున్నావని ముందు చెప్పి, తర్వాతే కోరిక. అక్కడ పూజకి ఇచ్చే కాగితం మీద రెండే రెండు రాయాలి, ఎవరి కోసం, ఏ ఉద్దేశంతో. వంశం లేదు, నక్షత్రం లేదు. మనిషి ఒక్కడే నిలబడతాడు. ఏది గొప్పని కాదు, కాగితం చేతికిస్తే తేడా చేతికే తెలుస్తుంది.

కొవ్వొత్తుల గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. క్యూలో ఉండగా వెలిగించకండి. గాలికి వాలి ముందున్నవాళ్ల జుట్టుకో పైటకో అంటుకుంటుంది. కొవ్వొత్తులు నిలబెట్టే తొట్టె దగ్గరికి చేరాక ఒక్కటి వెలిగించి, దాంతో రెండోదాని అడుగు కాస్త కరిగించి, మైనం జిగటగా ఉన్నప్పుడే అంచుకి నొక్కి పట్టి పది లెక్కపెట్టాలి. తొట్టె నడిమిన పెట్టొద్దు. వందల కొవ్వొత్తులు ఒక్కసారి మండితే ఆ సెగకి కొత్తది కూడా నడుం దగ్గర వంగిపోయి ముద్దలో కలిసిపోతుంది. మెట్ల మీద కారిన మైనం ఎండకి మెత్తబడి జారుతుంది, చెప్పులు లేని కాళ్లకి మరీను. నేను రెండుసార్లు జారాను.

పదకొండూ నిలబెట్టి దణ్ణం పెట్టుకునేలోపే అక్కడి కుర్రాడొకడు రేకుతో సగం కాలిన కొవ్వొత్తులన్నీ గీకి గోనెసంచిలో పడేశాడు. అందులో నావీ నాలుగో అయిదో పోయాయి. గుండె గతుక్కుమంది. మనం దీపం ఆర్పం, ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. దీపమే దైవం మనకి. అలాంటిది వెలుగుతున్నదాన్ని ఊడబెరికితే అపశకునమే కదా! కళ్లనీళ్లు తిరిగాయి. అప్పుడు పక్కనించి ఒక చెయ్యి నా భుజం మీద పడింది.

డెబ్భై దాటిన మామ్మగారు. తెల్లచీర, మెడలో చిన్న సిలువ. ఫిరంగిపురం నించి ఆమె ఒక్కతే వచ్చింది. "ఏడవమాక అమ్మాయ్. తల్లికిచ్చేసినాక అది ఎంతసేపు కాలిందో లెక్కుండదు. నువ్వెళ్లిపోయినా నీ బదులు కాసేపు నిలబడుద్ది, అంతే కొవ్వొత్తి పని" అంది. ఆవిడకి కొవ్వొత్తి మనిషి బదులు నిలబడేది. నాకు దీపం ఎదురుగా వెలిగే దైవం. ఒకే మంట, ఇద్దరం రెండు రకాలుగా చూస్తున్నాం. ఆ కుర్రాడి మీద కోపం పోయింది.

అక్కణ్ణించి మధ్యాహ్నం దాకా ఆవిడ నన్ను వదల్లేదు. నేను చేతులు జోడించి మాత విగ్రహం ఉన్న గుహవైపు చూస్తూ హారతి కోసం ఎదురు చూస్తుంటే, అలాంటివేమీ ఉండవని చెప్పింది. నిజమే, తెర లేదు, నివేదన లేదు, పవళింపు సేవ లేదు. మన గుళ్లో ప్రాణప్రతిష్ఠ అయిన మూర్తిని నిద్రలేపుతాం, స్నానం చేయిస్తాం, అన్నం పెడతాం, పడుకోబెడతాం. వాళ్లకి విగ్రహం గుర్తు, విగ్రహానికి చేసే వందనం ఆ విగ్రహం ఎవరిదో వాళ్లకి చేరుతుంది. 787లో నిసియాలో జరిగిన మహాసభలో తేల్చిన మాట ఇది. ఆరాధన దేవుడొక్కడికే, తల్లికిచ్చేది గౌరవం. జనం తోసుకుంటూ పోతుంటే నాకు దొరికింది రెండు నిమిషాలు కూడా లేదు. ఆ నీలం పట్టీ, పూలదండల మధ్య కిందికి చూస్తున్న ఆ మొహం, అంతే కనబడింది. చిన్నాడి గుండు నిమిరి "అమ్మా" అన్నాను. ఇంకేం మాటలు రాలేదు.

మెట్ల పక్కన నీడలో కూచోబెట్టి మామ్మగారు జపమాల నేర్పింది. ముందు సిలువ గుర్తు. నొసలు, రొమ్ము, ఎడమ భుజం, కుడి భుజం, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహం, అంటే తాము నమ్మేదేమిటో చెప్పే ప్రార్థన. పెద్ద పూసకి పరలోక జపం, అంటే పరలోకంలో ఉన్న తండ్రికి చేసేది, మూడు చిన్న పూసలకి మూడు మంగళవార్త జపాలు, అంటే మరియమ్మకి చేసేవి, తర్వాత పిత, పుత్ర, పవిత్రాత్మలని స్తుతించే త్రిత్వ స్తోత్రం. అక్కణ్ణించి గుండ్రం మొదలు. అయిదు వరసలు, వరసకి ఒక పరలోక జపం, పది మంగళవార్తలు, ఒక త్రిత్వ స్తోత్రం. మొత్తం కలిపితే మంగళవార్తలు 53, పరలోక జపాలు 6.

నేను అలవాటు కొద్దీ చూపుడువేలు ఎత్తి పెట్టి, మధ్యవేలి మీదనించి బొటనవేలితో పూస జరిపాను. ఆవిడ నా చెయ్యే చూస్తోంది. "వేలెందుకట్టా ఎత్తావు?" అంది. మాకు జపంలో చూపుడువేలు తగలకూడదని చెప్పాను. నూట ఎనిమిది పూసలు, మేరుపూస దాటకుండా వెనక్కి తిరగడం గురించీ చెప్పాను. "మాకు దాటకూడని పూస లేదు, తిరిగితిరిగి మొదటికే వస్తాం. నీకెట్టా వీలైతే అట్టా పట్టుకో" అంది. కాసేపటికి చూద్దును గదా, ఆవిడ కూడా నాలాగా వేలెత్తి రెండు పూసలు జరిపి చూస్తోంది!

పట్టుకోవడం కాదు కష్టం, మనసు నిలపడం. మన నామజపంలో మనసు నామం మీదే ఉండాలి. అక్కడ నోరు మంగళవార్త చెప్తుంటే మనసు క్రీస్తు, మరియమ్మల జీవితంలోని ఒక సంఘటన మీద ఉండాలి. దేవరహస్యాలంటారు. సోమ, శని సంతోషం. మంగళ, శుక్ర దుఃఖం. బుధ, ఆదివారాలు మహిమ. గురువారం వెలుగు, ఇవి 2002లో రెండో జాన్‌పాల్ పోపుగారు చేర్చినవి. మేము వెళ్లింది మంగళవారం, కాబట్టి తోపులో రక్తపు చెమట, కొరడాదెబ్బలు, ముళ్లకిరీటం, సిలువ మోత, సిలువ మీద మరణం. మూడో వరసలోనే నా మనసు ఆస్పత్రి వరండాకి పోయింది. మామ్మగారికి చెబితే "అదీ దాంట్లో కలిపేసెయ్" అంది. ఇంకో మాట. వాళ్ల విశ్వాస సంగ్రహంలో పొంతి పిలాతు అనే అధికారి పేరుంటుంది. రోజూ చెప్పే ప్రార్థనలో ఒక రోమను అధికారి పేరెందుకని అడిగాను. క్రీస్తు సిలువ మరణం ఫలానా అధికారి ఏలుబడిలో, ఒకే ఒక్కసారి జరిగిందని చెప్పడానికట. మన లెక్క యుగాలది, మళ్లీ మళ్లీ అవతారాలది. కాలాన్నే ఇద్దరం వేరువేరుగా కొలుస్తున్నాం.

తల్లిని అడగడమెందుకు, సరాసరి దేవుణ్ణే అడగొచ్చుగా అన్నాను. ఆవిడ వియ్యపురాలూ అదే అంటుందట. ఆ వియ్యపురాలు గుంటూరు లూథరన్, అంటే ప్రొటెస్టెంటు, 1842లో హయ్యరు అనే మిషనరీ దొరగారొచ్చినప్పణ్ణించి అక్కడ పాతుకున్న సంఘం. వాళ్లు గుణదల గడప తొక్కరు. దేవుడికీ మనిషికీ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే, ఇంకొకరు అక్కర్లేదంటారు. క్రైస్తవులంటే అందరూ ఒకటేననుకునేవాళ్లు గుంటూరులో రెండిళ్లు తిరిగితే చాలు. మామ్మగారి జవాబు కానా ఊరి పెళ్లి. ద్రాక్షారసం అయిపోతే కొడుకుతో చెప్పింది తల్లే. "ఇచ్చేది కొడుకే, చెప్పేది తల్లి" అంది. వైష్ణవంలో పురుషకారమంటే ఇదేగా! లక్ష్మమ్మ చెప్తే స్వామి కాదనడు. అయితే దుర్గమ్మ దగ్గర నేనలా అడగను. ఆవిడ ఇంకొకరికి చెప్పిపెట్టే తల్లి కాదు, ఇచ్చేదీ ఆవిడే.

కింద గురువు, అంటే ఫాదరు, చేసే దివ్యబలిపూజ చివర్లో వరస కదిలింది. అందరూ చేతులు పట్టి ఏదో తీసుకుంటున్నారు, ప్రసాదమనుకుని చిన్నాణ్ణి పట్టుకుని లేచాను. మామ్మగారు మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మాయ్, ఆగు. కోప్పడుతున్నాననుకోమాక. ఇది పంచుకునే ప్రసాదం కాదు."

బయటివాళ్లం ఎక్కువగా పొరబడేది ఇక్కడ. అది పులియని గోధుమ అప్పం. గురువు "క్రీస్తు శరీరం" అంటారు, "ఆమెన్" అనాలి. ఆ ఆమెన్‌కి అర్థం, ఇది నిజంగా క్రీస్తు శరీరమేనని నేను నమ్ముతున్నాను అని. జ్ఞానస్నానం పొంది, తొలిసారి ఈ దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి తయారైనవాళ్లకే ఇస్తారు. గంట ముందునించి ఏమీ తినకూడదు, పెద్ద పాపం ఉంటే పాపసంకీర్తనం చేసి, అంటే గురువు దగ్గర ఒప్పుకుని, రావాలి. అక్కడే నోట్లో వేసుకోవాలి. తెలియనివాళ్లు ఇంట్లో ముసలమ్మ కోసమని చేతిరుమాల్లో కట్టుకుంటారు, వెంటనే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. వాళ్లు ఇచ్చింది లాక్కునేవాళ్లు కాదు, క్రీస్తు శరీరానికి అగౌరవం జరుగుతుందేమోనని భయపడుతున్నారు. మన ప్రసాదం ఇంటికి తెచ్చి ఇరుగుపొరుగుకి పంచకపోతేనే తప్పు, అది ఎంత చేతులు మారితే అంత పుణ్యం. అక్కడ అది చేతులు మారకూడదు. వెళ్లేవాళ్లు ఆ టైముకి ఉన్నచోటే చేతులు జోడించి నిలబడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కొబ్బరికాయ మాత్రం మన పద్ధతే. మనమే కొట్టుకుని, రెండు చెక్కలూ మనమే తెచ్చుకోవడం. ఒక చెక్క మామ్మగారికిచ్చాను, అక్కడే పలుగురాయితో ముక్కలు చేసి చిన్నాడికీ, పక్కన కూచున్నవాళ్లకీ పెట్టింది.

వచ్చేటప్పుడు తన జపమాల నా చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు. "మెళ్లో నగలాగా వేసుకోమాక, అంతే" అంది. ఊరికే తీసుకోబుద్ధికాక, దసరాకి మా ఇంటికి రమ్మన్నాను, మూలానక్షత్రం రోజు దుర్గమ్మ సరస్వతి అలంకారం చూపిస్తానని.

కాసేపు ఆలోచించింది. "వస్తాను. మీ ఇంట్లో అన్నం తింటాను. నీతో కొండ కింద దాకా వస్తాను. కుంకుమ మటుకు పెట్టమాక అమ్మాయ్, ఏం?"

"పెట్టను మామ్మగారూ" అన్నాను. చిన్నాడు ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టబోతే లేపి, వాడి గుండు మీద బొటనవేలితో చిన్న సిలువ గుర్తు గీసింది.