మా నేలే వాళ్ళ కప్పు: అపార్ట్‌మెంటులో మృదంగ సాధన

"పొద్దున్నే పైన ఎవరో రోకలి పోటు వేస్తున్నారట మేడమ్. కింద ఫ్లాటు బాబాయి గారు కనుక్కోమన్నారు" అన్నాడు మా వాచ్‌మన్. ఆఫీసుకి వెళ్ళే హడావుడిలో ఉన్నాను. మా ఇంట్లో రోలూ లేదు, రోకలీ లేదు, అదే మాట చెప్పి మెట్లు దిగాను. స్కూటీ దాకా వెళ్ళాక గానీ నాకు తట్టలేదు, ఆ రోకలి నా మృదంగమేనని. ఆ రోజంతా మనసు పని మీద నిలవలేదు.

నేను మృదంగం మొదలుపెట్టింది నలభై దాటాక. చిన్నప్పుడు మా ఊరి రామాలయంలో భజన జరిగితే మృదంగం వాయించే ఆయన పక్కనే చేరి కూర్చునేదాన్ని. నేర్పించమని అడిగితే ఆడపిల్లకి మృదంగమేంటన్నారు. ఆ కోరిక అక్కడే ఆగిపోయింది. 2021లో విజయవాడ విద్వాంసురాలు దండమూడి సుమతీ రామమోహనరావు గారికి పద్మశ్రీ ప్రకటించారు. మృదంగం ముందు కూర్చున్న ఆవిడ ఫొటో చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆ వారంలోనే ఒక మాష్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.

సాధన తెల్లవారుజామునే చెయ్యాలన్నారు మాష్టారు. ఆయన నేర్చుకున్న రోజుల్లో నాలుగింటికే లేపి కూర్చోబెట్టేవారట. మందపాటి మట్టి గోడల పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక దొడ్డి, పక్కింటికీ వీళ్ళింటికీ మధ్య సందు. ఆ ఇంటి నేల కింద ఉన్నది భూమే. నేనుండేది మూడో అంతస్తు. మా నేల కింద ఇద్దరు పెద్దవాళ్ళు నిద్రపోతుంటారన్న ఆలోచన, నిజం చెబుతున్నాను, నాకు ఒక్కసారి కూడా రాలేదు. పక్క ఫ్లాటుకి వినపడకూడదని తలుపులు మాత్రం వేసుకునేదాన్ని.

వాచ్‌మన్ మాట విన్నాక కూడా నేను చేసినవన్నీ గోడల మీద పనులే. కిటికీలకి మందపాటి పరదాలు కుట్టించాను. తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కాను. ఆఫీసులో ఒకాయన కోడిగుడ్ల అట్టలు గోడకి అంటిస్తే చప్పుడు బయటికి పోదని గట్టిగా చెప్పారు. రెండు శనివారాలు కూర్చుని ఒక గోడంతా అంటించాను. గదిలో మోగుడు కాస్త తగ్గిన మాట నిజమే. కానీ తేలికపాటి అట్టలు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి తప్ప చప్పుడుని ఆపలేవు, దాన్ని ఆపాలంటే బరువుండాలి. పోనీ గోడలకి ఎంత బరువు చేర్చినా నాకు ఉపయోగం లేదని తర్వాత తెలిసింది. ఎవరైనా ఈ అట్టల సలహా ఇస్తే దయచేసి ఆ శ్రమ పెట్టుకోకండి.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం కిందికి వెళ్ళాను. ముందే వెళ్ళాల్సింది. బాబాయి గారు లోపలికి రమ్మన్నారు గానీ ముభావంగా ఉన్నారు. పిన్ని గారు మంచినీళ్ళిచ్చి కూర్చున్నారు. నేను మృదంగం సంగతి చెప్పగానే ఆవిడ ముఖంలో కోపం రాలేదు, ఒక్కసారిగా తేలికపడ్డారు.

"మృదంగమా అమ్మా అది! నాకే గుండె దడ వస్తోందనుకున్నాను. రెండుసార్లు ఈయన్ని లేపాను కూడా. చెవి దిండుకి ఆనిస్తే ఇంకా ఎక్కువ వినపడుతుంది. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తేగా!"

నాకు నోట మాట రాలేదు. ఆవిడకి బీపీ ఉంది. రాత్రి ఎప్పుడో రెండింటికి నిద్రపడుతుందట. నేను అయిదింటికి మొదలుపెడుతున్నాను. "క్షమించండి పిన్నిగారూ" అన్నాను. అన్నాక అది చాలదనిపించి, "మీ గదిలో కూర్చుని ఒకసారి వింటాను, మా వాణ్ణి పైన వాయించమంటాను" అని అడిగాను. బాబాయి గారు అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగి సరేనన్నారు.

మా అబ్బాయికి నా పాఠాలు వినీ వినీ రెండు చేతులా కాస్త వాయించడం వచ్చు. ఫోన్ చేసి మొదలుపెట్టమన్నాను. పిన్ని గారి మంచం మీద కూర్చుని విన్నాను. నెలల తరబడి నేను ప్రాణం పెట్టి దిద్దుకుంటున్న కుడిచేతి పలుకులు 'నం', 'దిన్' ఒక్కటంటే ఒక్కటి కిందకి రాలేదు. వచ్చిందల్లా ఎడమచేతి 'తొం' ఒక్కటే. అదీ 'తొం'లా లేదు. తాళం లేదు, నాదం లేదు, 'దుమ్... దుమ్' అని కప్పులోంచీ గోడలోంచీ మంచంలోకి దిగుతోంది. చెవితో వింటున్నట్టు లేదు, ఒంటికి తగులుతోంది. ఆవిడ గుండె దడ అనుకోవడంలో ఆశ్చర్యమే లేదు. పైన నాకు వినపడే మృదంగం వేరు, ఇన్నాళ్ళూ వాళ్ళకి పంపిస్తున్న చప్పుడు వేరు.

ఆ వారమే మా అసోసియేషన్ సెక్రటరీ గారు ఒక కాగితం చూపించారు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. మాష్టారి లెక్కలో సాధనకి శ్రేష్ఠమైన బ్రాహ్మీ ముహూర్తం ఈ కాగితం లెక్కలో రాత్రి. నాకు రెండూ నిజమే. మాష్టారిది దొడ్డి ఉన్న ఇంటి నిజం, కాగితానిది స్లాబు మీద స్లాబు వేసుకుని బతికే వాళ్ళ నిజం. నేనుండేది రెండో దాంట్లో.

ఫోనులో డెసిబెల్ యాప్ వేసుకుని వాళ్ళింట్లోనూ మా ఇంట్లోనూ కొలిచి చూశాను. దాన్ని మరీ నమ్మకండి. ఆ డెసిబెల్ లెక్క మన చెవిని బట్టి లోతు శబ్దాలని తక్కువ చేసి చూపిస్తుంది, ఫోను మైకు కూడా వాటిని సరిగ్గా పట్టదు. పిన్ని గారిని పడుకోనివ్వనిది ఆ లోతు శబ్దమే.

అది ఎందుకు దిగుతోందో అర్థమయ్యాక దారి దొరికింది. మృదంగంలో కుడివైపు వలంతల, ఎడమవైపు తొప్పి. వలంతల మధ్యలో నల్లటి పూత ఉంటుంది. ఆ పూత వల్లే మామూలు డప్పుల్లో ఉండని పొంతన, అసలు స్వరంతో పాటు మోగే దీని పై స్వరాల్లో కుదురుతుందని సి.వి. రామన్ 1920లోనే రాశారు. ఆ సన్నటి స్వరాలని స్లాబు తేలిగ్గా ఆపేస్తుంది. తొప్పి మధ్యలో మనం రవ్వ వేస్తాం, అంటే తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తాం. బరువు పెరిగి చర్మం నెమ్మదిగా కదులుతుంది, శబ్దం లోతుకి దిగుతుంది. లోతైన శబ్దం కాంక్రీటుకి అంత తేలిగ్గా లొంగదు. దానికి తోడు నేను టైల్స్ మీద పలచటి చాప వేసుకుని కూర్చునేదాన్ని. మృదంగం కుడి పాదం మీదా చీలమండ మీదా ఆనుతుంది, పనస చెక్క అంచు నేలకి తగులుతూనే ఉంటుంది. ప్రతి దెబ్బా గాలితో పనిలేకుండా కాలిలోంచీ చెక్కలోంచీ సూటిగా స్లాబులోకి పోతోంది. నేను గోడలకి అట్టలు అంటిస్తుంటే చప్పుడు నా కాళ్ళ కింద నుంచి వెళ్ళిపోతోందన్నమాట.

వడ్రంగి చేత మూడున్నర అడుగుల చదరంగా మందపాటి ప్లైవుడ్ పలక కోయించాను. మొదట దాన్ని టైల్స్ మీద అలాగే వేసి కూర్చుని తప్పు చేశాను. "ఇవాళ ఇంకా ఎక్కువైందమ్మా" అని పిన్ని గారు ఫోన్ చేశారు. కింద మెత్తేమీ లేని పలక వేదికలా మోగిందని తర్వాత అర్థమైంది. అప్పుడు జిమ్ముల్లో బరువులు ఎత్తే చోట వేసే మందపాటి రబ్బరు మ్యాట్లు తెచ్చి పలక కింద రెండు వరసలు పరిచాను. పలక మీద మా అత్తగారు కుట్టిన పాత చీరల బొంత నాలుగు మడతలు. మృదంగం చెక్క ఆనే చోట ఇంకో చిన్న మెత్త. పలక గోడకి ఎక్కడా తగలకూడదు, నాలుగువేళ్ళ సందైనా ఉండాలి. గది కూడా మార్చాను. మా అపార్ట్‌మెంటులో పడగ్గది కింద పడగ్గది, వంటగది కింద వంటగది. అందుకని సాధన వంటగది పక్కనున్న డైనింగు జాగాలోకి వచ్చింది. కూర వాసనల మధ్య మృదంగమేంటని మొదట్లో బాధపడ్డాను, ఇప్పుడు అలవాటైంది.

పిన్ని గారు పడగ్గదిలో పడుకుని ఫోనులో చెబుతుంటే, నేను ఒక్కొక్కటీ మార్చి వాయిస్తూ పోయాను. "ఉంది... ఉంది... ఇప్పుడు కొంచెం... ఆ, ఇప్పుడు వాయిస్తున్నావా అసలు?" ఆ చివరి మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

రవ్వ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గుప్పెడు బొంబాయి రవ్వ తీసుకుని, నీళ్ళు చిలకరించి, జిగురు వచ్చేదాకా పిసుకుతాం. నిమ్మకాయంత ముద్ద చేసి తొప్పి మధ్యలో పెట్టి బొటనవేలితో అదుముతూ గుండ్రంగా పరుస్తాం. తడి సరిగ్గా ఉంటే చర్మాన్ని పట్టుకుంటుంది, ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే తాళం రెండో చుట్టుకే పెచ్చులూడుతుంది. అది కుదిరాక మొదటి 'తొం' వేసినప్పుడు పొట్టలో ఏదో నిండినట్టుంటుంది. మామూలు రోజుల్లో నేను ఆ సుఖం వదులుకున్నాను. రవ్వ లేని తొప్పి బోలుగా 'డబ్' అంటుంది, లోతు పోతుంది. పైన పలచటి తువ్వాలు మడత వేస్తే ఆ 'డబ్' కూడా అణుగుతుంది.

మాష్టారికి ఇది నచ్చలేదు. రవ్వ లేకుండా గుమ్కీ ఎలా వస్తుందని అడిగారు. న్యాయమైన మాటే. మణికట్టుతో తొప్పిని నొక్కుతూ శబ్దాన్ని పైకి లాగే ఆ పలుకుకి రవ్వ ఉండాల్సిందే, రెండువారాలు మానేస్తే చెయ్యి మర్చిపోతుంది. ఆదివారం పదకొండు నుంచి పన్నెండు దాకా రవ్వతో వాయిస్తానని చెప్పాను. ఆ గంట బాబాయి గారినీ పక్క ఫ్లాటు వాళ్ళనీ అడిగి పెట్టుకున్నదే. మాష్టారు కాసేపు ఆలోచించి, "అయితే మిగతా రోజులు నోటితో చెయ్యమ్మా, నోటికి రానిది చేతికి రాదు" అన్నారు.

ఆ మాట నా సాధన తీరే మార్చేసింది. పొద్దున అయిదింటికి ఇప్పటికీ లేస్తాను. మృదంగం ముట్టుకోను. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తంబూర శ్రుతి వేసుకుని, ఆది తాళం తొడ మీద మెత్తగా వేస్తూ, జతులు, అంటే మృదంగం పలుకుల వరసలు, గుసగుసగా మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) చెప్పుకుంటాను. ముగింపుగా వాయించే ముక్తాయింపులో 'తధిగిణతొం' మూడుసార్లు పడే చోట మూడో కాలంలో నాకెప్పుడూ తడబాటు వచ్చేది. వేళ్ళు బలహీనమనుకుని వేళ్ళనే అరగదీశాను. నోటితో చెప్పుకుంటే తెలిసింది, నేను 'గిణ'ని మింగేస్తున్నాను. నాలుక మింగినదాన్నే చెయ్యీ మింగుతోంది. పది రోజులు నోటితో దిద్దుకున్నాక చెయ్యి దానంతటదే సర్దుకుంది. అంతకుముందు ఏడాదంతా చప్పుడు చేస్తూ పట్టుకోలేని తప్పు అది.

రాత్రి తొమ్మిది దాటాక వేళ్ళ కసరత్తు కోసం చెక్క ముక్క మీద పాత సైకిల్ ట్యూబు బిగించి పెట్టుకున్నాను. వేగానికీ వేళ్ళ బలానికీ బాగా పనికొస్తుంది. కానీ దాన్నే నమ్ముకోకూడదు. 'నం' పలకాలంటే ఉంగరపు వేలు నల్లపూత అంచున ఊరికే ఆని ఉండాలి, చూపుడు వేలు అంచు మీద పడాలి. ఉంగరపు వేలు గింజంత ఎక్కువ నొక్కితే నాదం చచ్చిపోతుంది. ఆ సంగతి ట్యూబు చెప్పదు, మృదంగమే చెబుతుంది. అందుకే సాయంత్రం ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా, అందరి టీవీలూ మోగుతున్న వేళ, తొప్పికి తువ్వాలు కప్పి వలంతల నిండుగా వాయించుకుంటాను.

వేరే వాద్యాల వాళ్ళకి దారులు వేరు. వయొలిన్‌కి బ్రిడ్జి మీద తగిలించే రబ్బరు మ్యూట్ దొరుకుతుంది, మా ఆఫీసు స్నేహితురాలి కూతురు దానితోనే రాత్రి పూట వాయిస్తుంది. కాకపోతే పాప తన గమకాలు తనకే సరిగ్గా వినపడటం లేదని వారానికి రెండు రోజులు తీసేస్తుంది. కీబోర్డుకి హెడ్‌ఫోన్లు చాలనుకుంటాం గానీ మీటలు నొక్కే టకటకలు టేబుల్ కాళ్ళ మీదుగా కిందికి దిగుతాయి. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టండి. వేణువుకి మాత్రం ఇలాంటి ఉపాయమేదీ నాకు కనపడలేదు, వేళ మాట్లాడుకోవడమే.

పోయిన నెల బాబాయి గారూ పిన్ని గారూ కొడుకు దగ్గరకని బెంగుళూరు వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు పిన్ని గారు వాళ్ళ ఇంట్లో మిగిలిన బొంబాయి రవ్వ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. వచ్చే వారం ఆ ఫ్లాట్లోకి ఆరు నెలల పాపతో ఒక జంట దిగుతున్నారు. సామాను సర్దుకోవడం అయ్యాక కిందికి వెళ్ళాలి. పాప ఆదివారం పదకొండింటికి నిద్రపోతుందేమో అడగాలి. వాళ్ళు కుదరదంటే రవ్వ గంట ఏ వేళకి జరపాలో ఆలోచిస్తున్నాను.