‘సరిచూసినవారు’ అన్న చోట నా సంతకం

నెల్లూరు కోర్టుల్లో 16 ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. కోర్టు పనుల్లోకి వస్తున్న కృత్రిమ మేధను న్యాయవాదులు ఎలా పర్యవేక్షించాలో నేర్పే శిక్షణలో నిరుడు చేరాను. ఆరు వారాలు రాత్రిపూట ఆన్‌లైన్ పాఠాలు, ఆ తరువాత రెండు రోజులు నెల్లూరులో అభ్యాసాలు, చివర పరీక్ష. మొదటిసారి తప్పాను. ఎందుకు తప్పానో తోటి న్యాయవాదులకు తెలియాలని ఇది రాస్తున్నాను.

పాఠాలు బాగానే సాగాయి. తీర్పులను అనువదించడానికి సుప్రీంకోర్టు 2019లోనే సువాస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చిందని, ఈ-కోర్టుల మూడో దశకు 2023లో కేంద్రం ఆమోదించిన 7,210 కోట్లలో 53.57 కోట్లు కృత్రిమ మేధ, బ్లాక్‌చైన్ వంటి వాటికి కేటాయించారని అక్కడే తెలిసింది. అదే 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవని కోర్టు ముందు పెట్టారు. వారికి 5,000 డాలర్ల జరిమానా పడింది. అంత పొరపాటు నేనెందుకు చేస్తానని అనుకున్నాను.

అభ్యాసంలో ఒక తెలుగు క్రయ దస్తావేజు, దానికి యంత్రం చేసిన ఇంగ్లీషు అనువాదం నా చేతికి ఇచ్చారు. పేర్లు, సర్వే నంబరు, నాలుగు వైపుల హద్దులు, అన్నీ సరిపోయాయి. సంతకం పెట్టి ఇచ్చేశాను. మూలంలో ‘20 అంకణముల స్థలము’ అని ఉంది. అనువాదంలో 720 చదరపు అడుగులని ఉంది. తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులే, ఆ లెక్క అక్కడ సరిపోతుంది. మన నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు. అంటే ఆ స్థలం 1,440 చదరపు అడుగులు. సగం స్థలం నా సంతకంతో పోయింది! పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్లోనే అంకణాల లెక్క వింటూ పెరిగిన నాకు అది కనబడలేదు.

“మూలం ఎన్నిసార్లు తెరిచారు?” అని అడిగారు పాఠం చెప్పిన విశ్రాంత న్యాయమూర్తి.

“ఒక్కసారి, సార్. మొదట్లో.”

ఆయన కోప్పడలేదు. అచ్చు శుభ్రంగా, వాక్యం నిండుగా ఉంటే కన్ను దాన్ని నమ్మేస్తుందని, పర్యవేక్షణలో అసలు గండం అక్కడే ఉందని చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పరీక్షలో సాక్షి వాంగ్మూలం వచ్చింది. క్రాస్‌లో, అంటే అవతలి న్యాయవాది ప్రశ్నించేటప్పుడు, మన సాక్షులు ఎలా చెబుతారో తెలిసిందే: “నేను ఆ రోజు అక్కడ లేను అనుట నిజం కాదు.” అంటే ఉన్నానని. యంత్రం ఒక ‘కాదు’ను మింగేసి, సాక్షి తాను అక్కడ లేనని ఒప్పుకున్నట్టు రాసింది. నేను మళ్లీ ఇంగ్లీషు అనువాదాన్నే పట్టుకుని చదువుకుంటూ పోయాను. తప్పాను. ప్రామిసరీ నోటు కేసులోనో కొట్లాట కేసులోనో ఆ ఒక్క మాట మీదే తీర్పు నిలుస్తుంది.

రెండో ప్రయత్నానికి దారి చూపింది మా గుమాస్తా. కోర్టు నకళ్ల మీద ‘తయారు చేసినవారు’, ‘సరిచూసినవారు’ అని రెండు సంతకాలు ఎందుకుంటాయో ఆయన గుర్తు చేశారు. “ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కాగితం మీద వేలు పెట్టి చూడాలి సార్, మౌనంగా చదివితే కన్ను దూకేస్తుంది” అన్నారు. నెల రోజులు సాయంత్రాలు ఆఫీసులో అలాగే సాధన చేశాం. ఆయన తెలుగు మూలం చదివేవారు, నేను అనువాదం మీద వేలు నడిపేవాణ్ణి. లేను, కాదు, తప్ప, మినహా వచ్చిన ప్రతిచోటా ఆగేవాళ్లం. రెండోసారి నెగ్గాను.

2025 జూలైలో కేరళ హైకోర్టు తన జిల్లా కోర్టులకు ఇచ్చిన విధానం నాకు నచ్చింది. నిర్ణయానికీ తీర్పుకూ కృత్రిమ మేధను వాడరాదు. యంత్రం చేసిన అనువాదాన్ని అర్హత గల అనువాదకులో న్యాయమూర్తులో సరిచూడాలి. ఎక్కడ వాడారో, ఎవరు సరిచూశారో నమోదు చేయాలి. ఈ చివరి నియమం న్యాయవాదుల ఆఫీసుల్లోనూ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

నా మేజా మీద ఇప్పుడొక పొడవాటి పుస్తకం ఉంది. తేదీ, కేసు నంబరు, వాడిన సాధనం, దొరికిన తప్పు, చదివినవారు, సరిచూసినవారు. నిన్నటి వరుసలో తప్పు అన్న గడిలో ‘మినహా – వదిలేసింది’ అని ఉంది. చివరి రెండు గడుల్లో మా గుమాస్తా సంతకం, నా సంతకం.