ఒక్క విశేషణం తీసిన పరువు

నిన్న రాత్రి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. మరిచిపోకముందే రాసేస్తున్నా.

ఏదో చెడు జరగబోతోందని అనిపించడానికి ఇంగ్లీషులో మాట కావాల్సి వచ్చింది. వెతికితే 'ఆమినస్' దొరికింది. అర్థం: అశుభసూచకమైన. స్పెల్లింగ్ పది నిమిషాల్లో వచ్చేసింది.

క్లాసులో, అర్ధరాత్రి ఫోన్ మోగిన సంగతి చెబుతూ ధీమాగా 'ఐ వజ్ ఫీలింగ్ ఓమినస్' అన్నాను. టీచర్ ముందు ఉచ్చారణ పట్టుకుంది. 'ఓమెన్' (శకునం) అనే మాటలో ఓ దీర్ఘమే కానీ, ఇక్కడ అలా లాగకూడదట. సరే అనుకున్నా. తర్వాత నవ్వుతూ, 'అయితే ఆ రాత్రి మిమ్మల్ని చూసి మేం భయపడాలా?' అంది. అందరూ గొల్లుమన్నారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా నేనూ నవ్వాను చూడండి, అదీ అసలు సిగ్గుచేటు. ఆవిడైనా వివరించిందా? 'ఇంటికెళ్లి చూసుకోండి' అని తర్వాతి వాళ్లని పిలిచింది. ఫీజు తీసుకునేది మేం ఇంటికెళ్లి చూసుకోవడానికా?

చూసుకున్నా. మబ్బులు ఆమినస్. నిశ్శబ్దం ఆమినస్. అర్ధరాత్రి ఫోన్ కూడా ఆమినస్సే. దాన్ని విని వణికిన నేను మాత్రం కాదు. నేను 'అప్రిహెన్సివ్', లేదా తేలిగ్గా 'అనీజీ'. తెలుగులో ఈ తప్పు పుట్టాక ఒక్కసారైనా చేశామా? మబ్బు కీడు సూచిస్తుంది, మనసు కీడు శంకిస్తుంది. సూచించేది ఆమినస్, శంకించేది అప్రిహెన్సివ్. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఆవిడకి అర నిమిషం పట్టేది.

ఒక్క మాటతో అర్థం తేల్చేసే వొకాబులరీ యాప్‌లను నమ్మకండి. ఏ మాట పక్కన వస్తుందో చూసి నేర్చుకోండి: ఆమినస్ సైలెన్స్, ఆమినస్ క్లౌడ్స్, ఆమినస్ సైన్. ఇంకో తిరకాసు. దీని మూలం శకునం అనే అర్థమున్న లాటిన్ 'ఓమెన్'. ఇంగ్లీషులో మంచి ఓమెన్ ఉంటుంది, చెడ్డ ఓమెన్ ఉంటుంది. ఆమినస్ అంటే మాత్రం ఎప్పుడూ చెడే. దగ్గరి అర్థమే ఉన్న 'సినిస్టర్' జోలికి ఇప్పుడే పోకండి, అందులో దుర్బుద్ధి వాసన ఉంటుంది. 'పోర్టెంటస్' ఇంకా ప్రమాదం, బడాయి మాటలను కూడా అదే అంటారు.

ఇవాళ పొద్దున ఆఫీసు మెయిల్లో 'క్లయింట్ సైలెన్స్ ఈజ్ ఆమినస్' అని రాశాను. మేనేజర్ డిక్షనరీ తెరవడం నా కళ్లారా చూశాను. రేపటి క్లాసుకి మాత్రం ఐ యామ్ అప్రిహెన్సివ్.